హెచ్‌డీఆర్ ఇమేజ్‌ని ఏ ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి? రేడియన్స్, ఈఎక్స్‌ఆర్, అల్ట్రా హెచ్‌డీఆర్, ఏవిఫ్ పోలిక

హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) అంటే మామూలు ఫొటోలో పట్టని చీకటి, వెలుగు తేడాలను కూడా దాచుకోగల ఇమేజ్. దాన్ని దాచే ఫైల్ ఫార్మాట్ల గురించి "ఈఎక్స్‌ఆర్ మంచిదా, రేడియన్స్ మంచిదా, ఏవిఫ్‌లోకి మార్చేయనా?" అని ఎవరైనా అడిగితే ముందు నేనొకటి అడుగుతాను. మీ ఫైల్‌లో ఉన్న అంకెలు దేని గురించి చెబుతున్నాయి? ఆ చోట ఎంత వెలుగు ఉందో చెబుతున్నాయా, తెర మీద ఎంత వెలగాలో చెబుతున్నాయా? ఇది తేలితే సగం గొడవ తీరిపోతుంది. కన్వర్ట్ చేశాక ఇమేజ్ నల్లబడిందనీ, పాలిపోయిందనీ, కిటికీ బయట ఉన్నదంతా తెల్లగా కొట్టుకుపోయిందనీ వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చేవే.

మొదటి రకాన్ని వెలుగు లెక్క అందాం. ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసి, వాటిని కలిపి తయారుచేసిన ఇమేజ్‌లు ఈ రకం. ఈ కలపడానికి పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ 1997లో సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో చూపించిన పద్ధతి బాగా పేరుపొందింది. బ్లెండర్‌లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్లలో చేసిన రెండర్లు (కంప్యూటర్ లెక్కగట్టి గీసిన ఇమేజ్‌లు), త్రీడీ లైటింగ్‌కు వాడే 360 డిగ్రీల పనోరమాలు కూడా ఇవే. వీటిలో అంకెలు లీనియర్‌గా ఉంటాయి: 2.0 అంటే 1.0కి సరిగ్గా రెట్టింపు వెలుగు. 1.0 దగ్గర ఆగాలన్న నియమం లేదు. తెల్ల గోడ 0.8 ఉంటే బల్బు 300 ఉండొచ్చు, సూర్యుడు వేలల్లో ఉండొచ్చు. రేడియన్స్, ఓపెన్‌ఈఎక్స్‌ఆర్, 32 బిట్ ఫ్లోట్ (దశాంశ సంఖ్య) టిఫ్, పీఎఫ్‌ఎం ఈ లెక్క కోసం వాడే ఫార్మాట్లు.

రెండోది తెర లెక్క. ఫోన్‌లో, టీవీలో, బ్రౌజర్‌లో చూడటానికి సిద్ధం చేసిన ఇమేజ్. ఇందులో అంకె నేరుగా వెలుగు కాదు, పీక్యూ లేదా హెచ్ఎల్‌జీ అనే వంపు (అంకెను తెర వెలుగుగా మార్చే ప్రామాణిక సూత్రం) మీద ఒక స్థానం, లేదంటే మామూలు ఫొటోకు జత చేసిన ఒక గెయిన్ మ్యాప్, అంటే ఎక్కడ ఎంత ఎక్కువ వెలగాలో చెప్పే చిన్న పటం. ఏవిఫ్, హెచ్ఈఐసీ, అల్ట్రా హెచ్‌డీఆర్ జేపెగ్, కొత్త పీఎన్‌జీ ఈ వైపువి. జేపెగ్ ఎక్స్‌ఎల్ ఒక్కటి రెండు వైపులా పనిచేయగలదు.

మొదటి రకం నుంచి రెండో రకానికి ఎప్పుడైనా రావచ్చు. వెనక్కి వెళ్లడం మాత్రం పూర్తిగా కుదరదు. అందుకే నా మాట ఎప్పుడూ ఒకటే: అసలు ఫైల్‌ను విత్తన వడ్లలాగా వెలుగు లెక్కలోనే పక్కన దాచండి, అవసరం వచ్చినప్పుడల్లా దాని నుంచే కొత్త కాపీ తీయండి. ఏవిఫ్ నుంచి జేపెగ్, జేపెగ్ నుంచి మళ్లీ ఈఎక్స్‌ఆర్ అంటూ గొలుసుకట్టుగా మార్చుకుంటూ పోకండి.

ఇక మూడో రకం అంటూ ఒకటి ప్రచారంలో ఉంది. నీడలు ఎత్తేసి, రంగులు బాగా దట్టించి చేసే జేపెగ్‌ను కూడా చాలామంది "హెచ్‌డీఆర్ ఫొటో" అంటారు. అది టోన్ మ్యాపింగ్ (పెద్ద వెలుగు పరిధిని మామూలు తెర పరిధిలోకి కుదించడం) అయిపోయిన 8 బిట్ ఫొటో. దాన్ని ఈఎక్స్‌ఆర్‌గా సేవ్ చేస్తే ఫైల్ పెద్దదవుతుంది తప్ప కొత్త వెలుగేమీ రాదు. తెల్లగా క్లిప్ అయిన (వివరం కోతపడ్డ) చోట 1.0 అనే అంకె ఉంటుంది, కన్వర్ట్ చేశాక కూడా అదే 1.0 ఉంటుంది. జేపెగ్‌ను హెచ్‌డీఆర్‌గా మార్చి ఇస్తామనే ఆన్‌లైన్ కన్వర్టర్లలో చాలావాటి పని ఇంతే.

రేడియన్స్ ఫైల్: పాతదే, కానీ పనికొచ్చేది

ఫైల్ పేరు చివర హెచ్‌డీఆర్ అని ఉంటే అది సాధారణంగా రేడియన్స్ ఫార్మాట్. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ నేషనల్ లాబొరేటరీలో గ్రెగ్ వార్డ్ 1980లలో రాసిన రేడియన్స్ అనే లైటింగ్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చింది. ప్రతి పిక్సెల్‌కి నాలుగు బైట్లు. మూడు బైట్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కోసం. నాలుగోది ఆ మూడింటికీ ఉమ్మడి ఘాతం (ఎన్నిసార్లు రెట్టింపో, సగమో చేయాలో చెప్పే అంకె). చాలా తెలివైన ఏర్పాటు. 32 బిట్లలోనే చీకటి గది మూల నుంచి సూర్యబింబం దాకా ఏదైనా పడుతుంది. పొరపాటు ఒక శాతం లోపే ఉంటుంది కాబట్టి బూడిద రంగులకు, తెలుపుకు దగ్గరగా ఉండే దృశ్యాల్లో కంటికి తేడా తెలియదు.

చిక్కంతా ఆ "ఉమ్మడి"లోనే ఉంది. నూనె దీపం వెలుగు పడ్డ గోడ మీద ఒక పిక్సెల్ తీసుకోండి: ఎరుపు 0.9, ఆకుపచ్చ 0.3, నీలం 0.02. ఘాతం ఎప్పుడూ పెద్ద అంకెకు తగ్గట్టు కుదురుతుంది, అంటే ఇక్కడ ఎరుపుకు. దాంతో ఎరుపు 230గా, ఆకుపచ్చ 76గా, నీలం 5గా నమోదవుతాయి. నీలానికి 5 తర్వాత వచ్చేది 6. ఈ రెంటి మధ్య 20 శాతం తేడా ఉంది, నడుమ ఇంకేమీ లేదు. అదే నీలాన్ని ఈఎక్స్‌ఆర్‌లోని 16 బిట్ హాఫ్ ఫ్లోట్‌లో పెడితే, 5కీ 6కీ మధ్య ఉన్న అదే ఖాళీలో 256 మెట్లు ఉంటాయి. తర్వాత గ్రేడింగ్‌లో (రంగులు సరిదిద్దేటప్పుడు) ఆ గోడకు నీలం కాస్త ఎత్తారనుకోండి, రేడియన్స్ ఫైల్‌లో చారలు కనిపిస్తాయి, ఈఎక్స్‌ఆర్‌లో కనిపించవు. దీపావళి దీపాలు, సోడియం వీధి లైట్లు, నియాన్ బోర్డులు, స్టేజి లైటింగ్, ఇలా రంగు గాఢంగా ఉండే దృశ్యాలన్నిటికీ ఇదే కథ.

ఇంకో రెండు పరిమితులున్నాయి. ఇందులో రుణ సంఖ్యలు ఉండవు. విశాలమైన కలర్ స్పేస్ (రంగుల పరిధి) నుంచి మామూలు తెరల పరిధి అయిన రెక్ 709లోకి మార్చినప్పుడు, పరిధి దాటిన రంగులకు ఒకటి రెండు చానెళ్లలో రుణ విలువలు వస్తాయి. ఈఎక్స్‌ఆర్ వాటిని ఉన్నవున్నట్టు ఉంచుతుంది, రేడియన్స్ సున్నాకు కోసేస్తుంది. పైగా పారదర్శకతను చెప్పే ఆల్ఫా చానెల్ లేదు, లేయర్లు లేవు.

అయినా రేడియన్స్‌ను నేను తీసిపారేయను. త్రీడీ లైటింగ్‌కు పనోరమా పెట్టాలంటే అది దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ తెరుచుకుంటుంది. అన్‌రియల్ ఇంజన్‌లో అయితే నేరుగా క్యూబ్‌మ్యాప్‌గా (చుట్టూ ఉన్న దృశ్యాన్ని ఆరు ముఖాల మీద పరిచిన రూపంగా) మారిపోతుంది. ఉచితంగా పనోరమాలు ఇచ్చే పాలీ హేవెన్‌లో రేడియన్స్, ఈఎక్స్‌ఆర్ రెండూ దొరుకుతాయి. ఆర్కిటెక్చర్‌లో పగటి వెలుగు, కళ్లకు కొట్టే గ్లేర్ లెక్కలు వేసేవాళ్లకైతే ఇదే ఇంటి ఫార్మాట్. ఇవాల్‌గ్లేర్‌లాంటి పరికరాలు దీన్నే అడుగుతాయి. అలాంటి పనిలో ఉన్నవాళ్లు ఫ్యాషన్ కోసం ఈఎక్స్‌ఆర్‌కు మారాల్సిన అవసరం లేదు.

వాళ్లు మాత్రం ఒక్క విషయం తప్పక చూసుకోవాలి. రేడియన్స్ ఫైల్ మొదట్లో మామూలు టెక్స్ట్‌లో ఒక హెడర్ ఉంటుంది. అందులో ఎక్స్‌పోజర్ అనే లైన్ ఉంటే, పిక్సెళ్లను అప్పటికే ఆ అంకెతో గుణించారని అర్థం. అసలు వెలుగు కావాలంటే దానితో భాగించాలి. అలాంటి లైన్లు ఒకటికి మించి ఉంటే అన్నిటినీ గుణించి, ఆ లబ్ధంతో భాగించాలి. చాలా కన్వర్టర్లు ఈ లైన్‌ను పట్టించుకోవు. ఇమేజ్ చూడ్డానికి బాగానే ఉంటుంది, లక్స్ (వెలుగు కొలత) లెక్కలు మాత్రం తప్పుతాయి. కంటికి కనబడని తప్పు కాబట్టే దీన్ని ఇంత నొక్కి చెబుతున్నాను. ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి పై నాలుగు లైన్లు చదివితే చాలు.

ఓపెన్‌ఈఎక్స్‌ఆర్: మాస్టర్ కాపీకి నా ఓటు దీనికే

ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ స్టూడియో తన సినిమా పనుల కోసం దీన్ని తయారుచేసుకుని 2003లో అందరికీ ఇచ్చేసింది. ఇప్పుడు అకాడమీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ చూసుకుంటోంది. హైదరాబాద్ వీఎఫ్ఎక్స్ స్టూడియోలైనా, లండన్‌వైనా ఒకరికొకరు షాట్లు పంపుకునేది ఇందులోనే. న్యూక్, బ్లెండర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్, డావిన్సీ రిజాల్వ్, ఫొటోషాప్, గింప్ అన్నీ తెరుస్తాయి. బ్రౌజర్లు మాత్రం తెరవవు.

ఈఎక్స్‌ఆర్ ఎంచుకున్నంత మాత్రాన ఎంపిక అయిపోదు. లోపల ఇంకో రెండు నిర్ణయాలున్నాయి.

మొదటిది 16 బిట్ హాఫా, 32 బిట్ ఫ్లోటా అన్నది. మామూలు రెండర్‌కు, ఫొటోకు హాఫ్ సరిపోతుంది. ప్రతి స్టాప్‌కి (వెలుగు ఒకసారి రెట్టింపు కావడానికి) 1024 మెట్లు ఉంటాయి, 30 స్టాప్‌ల దాకా నాణ్యత తగ్గకుండా పడుతుంది. కానీ హాఫ్‌లో పట్టే అతి పెద్ద అంకె 65,504. ఇది చాలా పెద్దదే అనిపిస్తుంది, సూర్యుడు ఫ్రేమ్‌లోకి వచ్చేదాకా.

లెక్క వేసి చూద్దాం. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్ల కాగితం వెలుగు చదరపు మీటరుకు సుమారు 30,000 క్యాండెలాలు. సూర్యబింబం సుమారు 160 కోట్లు. అంటే కాగితాన్ని 1.0 అనుకుంటే సూర్యుడు 50,000కు అటూఇటూగా ఉంటాడు. హాఫ్ అంచుకు చాలా దగ్గర! ఎవరో ఇమేజ్ చీకటిగా ఉందని ఒక స్టాప్ ఎత్తి సేవ్ చేశారంటే సూర్యుడు లక్షకు వెళ్తాడు, హాఫ్‌లో అది "అనంతం"గా నమోదవుతుంది. ఆ పనోరమాతో లైటింగ్ చేస్తే రెండర్‌లో తెల్ల చుక్కలు, నల్ల చుక్కలు పుట్టుకొస్తాయి. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియక మెటీరియల్స్ అన్నీ వెతుక్కుంటూ కూర్చుంటారు. రేడియన్స్‌లో ఈ ఇబ్బంది లేదు, దాని పరిధి చాలా పెద్దది. అందుకని సూర్యుడు కనిపించే రేడియన్స్ పనోరమాను ఈఎక్స్‌ఆర్‌లోకి మార్చేటప్పుడు 32 బిట్ ఫ్లోట్ పెట్టండి. సైజు వద్దనుకుంటే హాఫే పెట్టి ఎక్స్‌పోజర్‌ను మూడు నాలుగు స్టాప్‌లు తగ్గించి సేవ్ చేయండి, లైటింగ్ చేసేటప్పుడు అంతే పెంచుకోవచ్చు. మబ్బు పట్టిన ఆకాశం, ఇంటి లోపలి దృశ్యం అయితే హాఫ్‌కు భయపడక్కర్లేదు.

రెండర్ పాసుల (రెండర్ నుంచి విడివిడిగా తీసే లేయర్ల) విషయంలో ఒక హెచ్చరిక. దూరాన్ని చెప్పే డెప్త్ పాస్‌కు, క్రిప్టోమాట్‌కు 32 బిట్ ఫ్లోటే వాడాలి. క్రిప్టోమాట్‌లో ఉండేవి రంగులు కావు, వస్తువుల గుర్తింపు సంఖ్యలు. హాఫ్‌లోకి మారిస్తే ఆ సంఖ్యలు మారిపోతాయి, ఇక ఏ వస్తువునూ ఎంచుకోలేరు. ఇలాంటి పాసుల మీద కలర్ స్పేస్ కన్వర్షన్ కూడా నడపకూడదు. ఫోల్డర్ మొత్తానికి ఒకే బ్యాచ్ కమాండ్ కొట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

రెండో నిర్ణయం కంప్రెషన్. జిప్, పిజ్ రెండూ సమాచారం పోగొట్టనివే. శుభ్రమైన సీజీ రెండర్‌కు జిప్ బాగుంటుంది, కెమెరా గ్రెయిన్ (సన్నటి రేణువులు) ఉన్న ఫుటేజ్‌కి పిజ్ ఎక్కువగా కుదిస్తుంది. న్యూక్‌లో వాడే ఫ్రేములకు ఒక్కో స్కాన్‌లైన్‌ను విడిగా కుదించే జిప్ రకం వేగంగా ఉంటుంది. డ్రీమ్‌వర్క్స్ ఇచ్చిన డీడబ్ల్యూఏఏ, డీడబ్ల్యూఏబీ ఫైల్‌ను బాగా చిన్నది చేస్తాయి కానీ కొంత సమాచారం పోతుంది. రివ్యూ కాపీలకు, బ్యాక్‌గ్రౌండ్ ప్లేట్లకు అవి బంగారం. మాస్టర్‌కు, డేటా పాసులకు వద్దు. పిక్సార్ పేరుతో ఉన్న పీఎక్స్ఆర్24 అనేది 32 బిట్ ఫ్లోట్‌ను 24కి తగ్గిస్తుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

సైజు ఎంత ఉంటుందో తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది. 8192 × 4096 పనోరమాలో 3.35 కోట్ల పిక్సెళ్లుంటాయి. కంప్రెషన్ లేకుండా రేడియన్స్‌లో 128 ఎంబీ, హాఫ్ ఈఎక్స్‌ఆర్‌లో 192 ఎంబీ, 32 బిట్ ఫ్లోట్‌లో 384 ఎంబీ. 16కే పనోరమా అయితే ప్రతిదాన్నీ నాలుగుతో గుణించండి. ఫ్లోట్‌లో ఒకటిన్నర జీబీ అవుతుంది.

టిఫ్, పీఎఫ్ఎం గురించి ఎక్కువ చెప్పేది లేదు. 32 బిట్ ఫ్లోట్ టిఫ్‌ను ఫొటోగ్రఫీ సాఫ్ట్‌వేర్లు బాగా చదువుతాయి, కాబట్టి ఫొటోషాప్‌కీ డార్క్‌టేబుల్‌కీ మధ్య అటూఇటూ తిప్పుకోవడానికి పరవాలేదు. 4 జీబీ హద్దు ఉందని మర్చిపోకండి. పీఎఫ్ఎం కోడ్ రాసుకునేవాళ్లకు, రీసెర్చ్ చేసేవాళ్లకు సులువు: చిన్న హెడర్, తర్వాత వరుసగా ఫ్లోట్లు. కింది వరుస నుంచి పైకి రాస్తుంది కాబట్టి సొంతంగా చదివే కోడ్ రాస్తే ఇమేజ్ తలకిందులుగా వస్తుంది, కంగారుపడకండి.

తెర మీదికి తెచ్చేటప్పుడు

ఈఎక్స్‌ఆర్ నుంచి ఏవిఫ్‌కో అల్ట్రా హెచ్‌డీఆర్‌కో వెళ్లడం ఫార్మాట్ మార్పు మాత్రమే కాదు, అదొక నిర్ణయం. మీ 1.0 తెర మీద ఎన్ని నిట్లు (ఒక నిట్ అంటే చదరపు మీటరుకు ఒక క్యాండెలా) కావాలి? పీక్యూ వంపు 10,000 నిట్ల దాకా అసలు వెలుగునే లెక్కపెడుతుంది కాబట్టి దీనికి జవాబు చెప్పకుండా ముందుకు వెళ్లలేం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం (ఐటీయూ) నివేదిక బీటీ 2408 తెలుపుకు 203 నిట్లు సూచిస్తుంది. నేనూ దాంతోనే మొదలుపెడతాను. కొన్ని పరికరాలు 100 అనుకుంటాయి. విండోస్‌లోని ఎస్‌సీఆర్‌జీబీ అనే కలర్ స్పేస్‌లో 1.0 అంటే 80 నిట్లు. ఇక్కడ తికమక జరిగితే ఇమేజ్ రెండున్నర రెట్లు ఎక్కువో తక్కువో వెలుగుతుంది. విండోస్ గేమ్ బార్ హెచ్‌డీఆర్ స్క్రీన్‌షాట్లను జేపెగ్ ఎక్స్‌ఆర్‌గా సేవ్ చేస్తుంది. వాటిని మార్చేవాళ్లు "చీకటిగా వచ్చింది, వెలిగిపోయింది" అని తల పట్టుకునేది చాలాసార్లు ఇందుకే.

ఇంకోటి, పీక్యూకి కనీసం 10 బిట్లు కావాలి. 8 బిట్లలో పెడితే ఆకాశంలో చారలు ఖాయం.

వెబ్‌లో, ఫోన్లలో ఫొటోలు చూపించాలంటే నేను అల్ట్రా హెచ్‌డీఆర్ జేపెగ్‌నే ముందు సూచిస్తాను. గూగుల్ 2023లో ఆండ్రాయిడ్ 14తో తెచ్చింది. లోపల మామూలు 8 బిట్ జేపెగ్ ఒకటి ఉంటుంది, దానికి తోడు ఏ పిక్సెల్‌ను ఎంత ఎక్కువ వెలిగించాలో చెప్పే చిన్న గెయిన్ మ్యాప్ ఉంటుంది. హెచ్‌డీఆర్ తెర ఉన్న ఫోన్ రెండింటినీ కలిపి చూపిస్తుంది. పాత ఫోన్, పాత కంప్యూటర్ మామూలు జేపెగ్‌ను చూపిస్తాయి. మామూలు తెర మీద ఫొటో ఎలా కనిపించాలో మీరే నిర్ణయిస్తారన్నది దీనిలో నాకు బాగా నచ్చిన సంగతి. ఏవిఫ్‌ను పీక్యూతో ఇస్తే మామూలు తెరలో దాన్ని ఎలా కుదించాలన్నది బ్రౌజర్ ఇష్టం. ఒకచోట బాగుంటుంది, ఇంకోచోట పాలిపోతుంది. పెళ్లి ఫొటోలు డెలివరీ ఇచ్చే ఫొటోగ్రాఫర్‌కు ఈ అనిశ్చితి ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. పెళ్లికూతురు చీర ఎరుపు బంధువులందరి ఫోన్లలోనూ ఎరుపుగానే ఉండాలి.

గెయిన్ మ్యాప్‌కి ఒక బలహీనత ఉంది. సైజు తగ్గించే యాప్ ఏదైనా, మెసేజింగ్ యాప్ అయినా వెబ్‌సైట్ అయినా, ఫొటోను మళ్లీ కుదించేటప్పుడు ఆ మ్యాప్‌ను వదిలేయొచ్చు. మిగిలేది మామూలు ఫొటో. చెడిపోయినట్టు కనబడదు, మెరుపు మాత్రం పోతుంది. ఐఫోన్ హెచ్ఈఐసీ ఫొటోల్లోనూ గెయిన్ మ్యాపే ఉంటుంది. జేపెగ్‌గా మార్చే కన్వర్టర్‌కు దాని సంగతి తెలియకపోతే అదీ అంతే. ఫోన్‌లో తీసిన హెచ్‌డీఆర్ ఫొటోలను జాగ్రత్తగా దాచుకోవాలంటే మార్చకుండా అసలు ఫైలే కాపీ చేసుకోండి. గెయిన్ మ్యాప్‌లకు 2025లో ఐఎస్‌ఓ 21496-1 ప్రమాణం వచ్చింది కాబట్టి ఆండ్రాయిడ్, ఆపిల్ దారులు దగ్గరవుతున్నాయి.

ఏవిఫ్ ఎప్పుడు మేలు? ఫైల్ సైజు ముఖ్యమైనప్పుడు, చూసేవాళ్ల తెరలు హెచ్‌డీఆర్‌వే అని తెలిసినప్పుడు. 10, 12 బిట్లు ఉన్నాయి. క్రోమ్ 2020 నుంచి, ఫైర్‌ఫాక్స్ 2021 నుంచి, సఫారీ 2022 నుంచి ఏవిఫ్‌ను తెరుస్తున్నాయి. సన్నటి గ్రెయిన్, చీర జరీలాంటి చిన్న వివరాలను ఎక్కువ కంప్రెషన్‌లో నునుపు చేసేస్తుందని గుర్తుంచుకుని క్వాలిటీ కాస్త ఎక్కువే పెట్టండి.

జేపెగ్ ఎక్స్‌ఎల్ సాంకేతికంగా వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది. ఫ్లోట్ విలువలు పడతాయి, నష్టం లేని కంప్రెషన్ ఉంది, పాత జేపెగ్‌లను ఒక్క బిట్ కూడా పోకుండా సుమారు 20 శాతం కుదించి మళ్లీ యథాతథంగా తిరిగి ఇవ్వగలదు. కానీ క్రోమ్ తన ప్రయోగాత్మక మద్దతును 2023లో తీసేసింది, సఫారీ అదే ఏడాది 17వ వెర్షన్‌తో చేర్చుకుంది. ఇలా ఒకరు కాదంటే ఒకరు ఔననే చోట వెబ్‌సైట్‌కు దీన్నొక్కదాన్నే నమ్ముకోలేం. సొంత ఆర్కైవ్‌కు మాత్రం నిశ్చింతగా వాడొచ్చు.

పీఎన్‌జీకి 2025 జూన్‌లో మూడో ఎడిషన్ వచ్చి, పీక్యూ, హెచ్ఎల్‌జీ అని గుర్తు పెట్టుకునే వీలు అధికారికంగా కలిగింది. గ్రాఫిక్స్, స్క్రీన్‌షాట్లకు బాగుంటుంది. ఫొటోలకు ఫైల్ భారీగా అవుతుంది. లీనియర్ ఈఎక్స్‌ఆర్‌ను నేరుగా 16 బిట్ పీఎన్‌జీగా సేవ్ చేస్తే హెచ్‌డీఆర్ వచ్చేస్తుందనుకోకండి. 1.0 దాటినదంతా కోతే.

కన్వర్షన్ దారిలో దెబ్బతినే చోట్లు

కలర్ స్పేస్ మొదటిది. ఈఎక్స్‌ఆర్‌లో ప్రాథమిక రంగుల వివరం రాసే ఏర్పాటు ఉంది. రాయకపోతే రెక్ 709 అనుకోవాలి. రేడియన్స్‌లో కూడా రాసే వీలుంది కానీ రాసేవాళ్లు తక్కువ. స్టూడియో నుంచి వచ్చిన ఫైల్ ఏసెస్‌సీజీ అనే విశాలమైన కలర్ స్పేస్‌లో ఉండి, అందులో ఆ వివరం లేకపోతే, మీ సాఫ్ట్‌వేర్ దాన్ని 709 అనుకుని తెరుస్తుంది. ముఖాలు కాస్త పాలిపోయి కనిపిస్తాయి. పంపినవాళ్లను ఫోన్ చేసి అడగడమే అసలైన మందు. కళ్లతో చూసి ఊహించకండి.

రెండోది ఆల్ఫా. ఈఎక్స్‌ఆర్‌లో రంగు ఆల్ఫాతో ముందే గుణించి ఉంటుంది, పీఎన్‌జీలో అలా ఉండదు. మంట, పొగ మీద పడే కాంతి, లెన్స్ ఫ్లేర్ వంటివి రెండర్‌లో ఆల్ఫా సున్నాగా, రంగు మాత్రం పెద్ద అంకెగా ఉంటాయి. అంటే వెనకదాన్ని కప్పవు కానీ వెలుగు కలుపుతాయి. పీఎన్‌జీలోకి మార్చగానే ఆల్ఫా సున్నా అన్న చోట రంగు మాయమవుతుంది. మంట లేయర్ ఖాళీగా వచ్చిందని గగ్గోలు పెడితే కారణం ఇదే. అలాంటివాటిని ఈఎక్స్‌ఆర్‌లోనే ఉంచి, బ్యాక్‌గ్రౌండ్ మీద కలిపేశాకే తెర ఫార్మాట్‌లోకి మార్చండి.

పనిముట్ల విషయానికొస్తే, బ్యాచ్‌లో చేయడానికి ఓపెన్‌ఇమేజ్‌ఐఓతో వచ్చే ఓఐఐఓటూల్‌ను మించింది నాకు కనబడలేదు. బిట్ డెప్త్, కంప్రెషన్, కలర్ స్పేస్ మూడూ మనం స్పష్టంగా చెప్పొచ్చు, తనంతట తాను తెలివి చూపించదు. ఇమేజ్‌మ్యాజిక్ వాడితే హెచ్‌డీఆర్ఐ మద్దతుతో కట్టిన వెర్షనో కాదో ముందు చూసుకోండి. కాకపోతే 1.0 పైనున్నదంతా పోతుంది. ఫొటోషాప్‌లో 32 బిట్ నుంచి 16కో 8కో దింపినప్పుడు టోనింగ్ డైలాగ్ వస్తుంది. అందులో ఎక్స్‌పోజర్ అండ్ గామా పద్ధతి ఎంచుకుంటే అది సొంత సోకులు చేయదు. బ్లెండర్‌లో పీఎన్‌జీ, జేపెగ్‌గా రెండర్ సేవ్ చేస్తే తెరకు తగ్గట్టు మార్చే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ కలిసిపోతుంది, ఈఎక్స్‌ఆర్‌గా చేస్తే లీనియర్‌గానే ఉంటుంది. ఫొటోల నుంచి గెయిన్ మ్యాప్ జేపెగ్, ఏవిఫ్ తీయడానికి లైట్‌రూమ్, కెమెరా రా సులువు. ఉచితంగా కావాలంటే డార్క్‌టేబుల్ ఈఎక్స్‌ఆర్, ఏవిఫ్, జేపెగ్ ఎక్స్‌ఎల్ మూడింటినీ ఎగుమతి చేస్తుంది. ఆన్‌లైన్ కన్వర్టర్లకు క్లయింట్ ఫైల్ ఇవ్వకండి. అడగకుండా టోన్ మ్యాప్ చేయడం ఒక సమస్య, విడుదల కాని సినిమా ప్లేట్ ఎవరి సర్వర్ మీదో ఉండటం ఇంకా పెద్ద సమస్య.

మార్చాక సరిచూడటం ఎలా అంటే, ఇమేజ్ "బాగుందా" అని చూస్తే సరిపోదు. మామూలు మానిటర్ మీద 1.0 దాకానే కనిపిస్తుంది కాబట్టి పై వెలుగు పోయినా పోకపోయినా ఒకేలా ఉంటుంది. వ్యూయర్‌లో ఎక్స్‌పోజర్‌ను ఎనిమిది పది స్టాప్‌లు కిందికి దించండి. అంతా చీకటవ్వాలి, బల్బు ఫిలమెంట్, సూర్యబింబం మాత్రం వాటి ఆకారంతో మిగలాలి. వాటి చోట చదునైన బూడిద రంగు మచ్చ మిగిలితే, లేదా అవీ చీకట్లో కలిసిపోతే హైలైట్స్ క్లిప్ అయ్యాయి, ఆ కన్వర్షన్ పనికిరాదు. తర్వాత ఓఐఐఓటూల్‌తో స్టాటిస్టిక్స్ అడగండి. అది అతి చిన్న, అతి పెద్ద విలువలతో పాటు ఎన్ని పిక్సెళ్లు అనంతమయ్యాయో, ఎన్నింటిలో సంఖ్యే లేకుండా పోయిందో కూడా చెబుతుంది. మూల ఫైల్‌లో అతి పెద్ద విలువ 48,000 ఉండి కొత్తదానిలో సరిగ్గా 1.0 ఉంటే ఎక్కడో 8 బిట్ దారి తొక్కిందని అర్థం. రెండు ఫైళ్లలోనూ ఒకే తెల్ల గోడ మీద, ఒకే పిక్సెల్ దగ్గర అంకెలు చదవండి. 0.8 అనేది 0.9 చుట్టుపక్కలకు వచ్చిందంటే లీనియర్ ఇమేజ్‌కి ఎవరో గామా వంపు (మామూలు తెరకు తగ్గట్టు అంకెలను మార్చేది) వేసేశారు, 0.6 అయిందంటే వేయనిదాన్ని తీసేశారు.